ముందు నోటుబుక్కు చూపించండి

"మా వాడు కుదురుగా కూర్చోడు డాక్టరుగారూ. గొంతు ఇన్‌ఫెక్షన్ వల్లేనట, ఓ కోర్సు యాంటీబయాటిక్ రాసివ్వండి." పిల్లల డాక్టరుగా ఈమధ్య తరచూ వింటున్న మాట ఇది. కొట్టిపారేయలేను, మందూ రాయలేను.

గొంతులో స్ట్రెప్టోకాకస్ అనే క్రిమి చేరితే ఒంట్లో యాంటీబాడీలు పుడతాయి. ఆ క్రిమికీ, మన గుండె కవాటాలకీ, మెదడులో కదలికలను అదుపుచేసే బేసల్ గాంగ్లియాకీ కొన్ని పోలికలున్నాయి. కొందరు పిల్లల్లో ఆ యాంటీబాడీలు పొరబడి సొంత ఒంటిమీదే పడతాయి. గొంతు నొప్పి మరిచిపోయిన నెలలకి, చేతులూ కాళ్లూ వాటంతటవే కదిలిపోయే సిడెన్‌హామ్ కొరియా బయటపడుతుంది. ఆడపిల్లల్లో ఎక్కువ.

అలాంటి అయిదో తరగతి పాపను ఒకసారి తీసుకొచ్చారు. దసరా ముందు నోటుబుక్కులో గుండ్రటి అక్షరాలు. సంక్రాంతికి అవే గీత దాటి ఎటో పోతున్నాయి. మార్జిన్‌లో ఎర్ర సిరాతో టీచరమ్మ మాట: "శ్రద్ధ లేదు". నా రెండు వేళ్లు గట్టిగా పట్టుకోమన్నాను. పట్టు బిగిసింది, సడలింది, మళ్లీ బిగిసింది, పాలు పితుకుతున్నట్టు. నాలుక చాపి ఉంచమంటే ఉంచలేకపోయింది. గుండెకు ఎకో తీస్తే కవాటం లీకు. ఇక ఏళ్ల తరబడి మూడు వారాలకోసారి పెనిసిలిన్ ఇంజెక్షన్ తప్పదు.

కొరియా లేకుండానే, రాత్రికి రాత్రి ఓసీడీ (చేసిందే మళ్లీ మళ్లీ చేయించే ఆరాటం), టిక్స్ (కళ్లు ఆర్పడంలాంటి అసంకల్పిత కదలికలు) మొదలైన 50 మంది పిల్లల గురించి అమెరికాలో సూసన్ స్వీడో బృందం 1998లో రాసింది. దానికి పాండాస్ అని పేరు. చాలామందిలో నిలకడలేనితనం కూడా కనిపించింది. వాదన ఇంకా తెగలేదు. 2017లో డెన్మార్క్‌వాళ్లు పది లక్షలకు పైగా పిల్లల రికార్డులు తిరగేశారు. స్ట్రెప్ తేలినవాళ్లలో మానసిక సమస్యలు, ముఖ్యంగా ఓసీడీ, టిక్స్ ఎక్కువే. అయితే స్ట్రెప్ తేలని గొంతు నొప్పుల తర్వాతా కొంత పెరుగుదల ఉంది. కాబట్టి నేరమంతా ఒక్క క్రిమి మీదే మోపలేం.

ఇక కుదురుగా కూర్చోనివ్వని ఏడీహెచ్‌డీలో వంశపారంపర్యం పాలే ఎక్కువ. అందుకే నా మొదటి ప్రశ్న "ఎప్పట్నుంచి?" "చిన్నప్పట్నుంచీ ఇంతే, వాళ్ల నాన్నా ఇంతేనట" అంటే యాంటీబయాటిక్‌తో పనిలేదు. ఫలానా వారం నుంచి అని తల్లి వేలెత్తి చెబితే మాత్రం గొంతూ, గుండే, నరాలూ అన్నీ చూడాల్సిందే. రక్తంలో స్ట్రెప్ యాంటీబాడీలను కొలిచే ఏఎస్‌ఓ పరీక్షలో అంకె ఎక్కువుందని కంగారుపడకండి, బడికెళ్లే పిల్లల్లో అది మామూలే. నా దగ్గరికి వచ్చేటప్పుడు జూన్ నాటి నోటుబుక్కూ, ఇప్పటిదీ తెచ్చుకోండి.