మీకు తెలుసా? చిన్న గడ్డ కోసం క్లోమాన్ని కోల్పోనక్కర్లేదు

భీష్మ ఏకాదశి నాడు అంతర్వేదిలో స్వామివారి రథం లాగడానికి ఉపవాసంతో వచ్చేవాళ్లు ఎందరో. కళ్లు తిరిగితే నీరసం అనుకుంటాం. చాలావరకు అదే. కానీ మామూలు రోజుల్లోనూ పరగడుపున చెమటలు పట్టి, మాట తడబడి, ఇంట్లోవాళ్లను ఎవరో అన్నట్టు చూసి, పంచదార నీళ్లు తాగగానే తేరుకునే మనిషి ఉంటే గాలి సోకిందని తాయెత్తు కట్టకండి. రక్తంలో చక్కెర చూపించండి. క్లోమంలో ఇన్సులినోమా అనే గడ్డ ఉండొచ్చు. అరుదైనదే; ఏడాదికి పది లక్షల మందిలో ఒకరి నుంచి నలుగురికి వస్తుంది.

• దీన్ని తేల్చే పరీక్ష కూడా ఉపవాసమే! ఆస్పత్రిలో 72 గంటల వరకు తిండి పెట్టకుండా చక్కెర, ఇన్సులిన్ కొలుస్తారు. ఇంట్లో మాత్రం చేయకూడదు.

• ఈ గడ్డల్లో పదింట తొమ్మిది క్యాన్సర్ కావు. ఎక్కువ శాతం 2 సెంటీమీటర్లలోపే. క్లోమమేమో 15 సెంటీమీటర్లకు పైనే. అందుకే గడ్డ క్లోమనాళానికి 2, 3 మిల్లీమీటర్లైనా ఎడంగా ఉంటే, కాయలోంచి తాటిముంజెను బొటనవేలితో తీసినట్టు గడ్డనొక్కదాన్నే తీసేస్తారు. మిగిలిన క్లోమం ఇన్సులిన్, జీర్ణరసాలు ఇస్తూనే ఉంటుంది. క్లోమమంతా తీస్తే జీవితాంతం ఇన్సులిన్ సూదులు, ఎంజైమ్ మాత్రలు తప్పవు.

• ఇన్సులిన్‌ను 1921లో కనుగొన్న టొరంటోలోనే, 1929లో రాస్కో గ్రాహమ్ ఇలాంటి గడ్డను తీసి రోగిని బాగుచేశారు.

• క్లోమంలోనే, వయసులో ఉన్న ఆడపిల్లలకు ఎక్కువగా వచ్చే మరో రకం గడ్డను 1959లో వర్జీనియా ఫ్రాంట్జ్ వర్ణించారు. దీని ఉద్ధృతి తక్కువ, పూర్తిగా తీస్తే దాదాపు అందరికీ నయమవుతుంది. ముందు దశాబ్దాల జీవితం ఉన్న పిల్లకు మిగిల్చిన ప్రతి ముక్కా విలువైనదే.

• గడ్డ క్లోమం తోకభాగంలో ఉంటే పక్కనున్న ప్లీహాన్నీ తీసేసేవారు. దాన్ని కాపాడే పద్ధతులను వార్షా 1988లో, కిమురా 1996లో ప్రచురించారు.

ఇలా క్లోమాన్ని మిగిల్చే ఆపరేషన్లలో ఇబ్బందీ ఉంది. గడ్డ ఉన్న నడిమి భాగం మాత్రమే కోసి తీస్తే రెండు కోత అంచులు మిగులుతాయి. క్లోమరసం కారే ప్రమాదం పెరుగుతుంది, కొందరు ఆ రసం బయటికి పోయే గొట్టంతో వారాల తరబడి ఉండాలి. క్లోమంలో మామూలుగా వచ్చే క్యాన్సర్‌కు ఈ పొదుపు కోత పనికిరాదు.

అంతర్వేది వైపు నుంచి సఖినేటిపల్లి రేవు దాటి నరసాపురం వెళ్లినా, అమలాపురం వెళ్లినా, స్కాన్‌లో గడ్డ కనబడితే డాక్టరుగారిని అడగండి: “ఇది ఏ రకం? నాళానికి ఎంత దూరం? ప్లీహం నిలుస్తుందా?” ప్లీహం తీయక తప్పదంటే, న్యుమోనియా, మెదడు పొరల వాపు రాకుండా వేసే టీకాలు ఆపరేషన్‌కు రెండు వారాల ముందే పడాలి.