సముద్రమునుండి వెడలిన మృగములు

నీతికథలలో నక్క జిత్తులమారి, సింహము గర్విష్ఠి, కుందేలు బుద్ధిశాలి. ఆ జంతువులు మనుష్యుల గుణదోషములను చూపుటకై మాటలాడును. యూదుల యొక్కయు క్రైస్తవుల యొక్కయు అంత్యకాల దర్శన గ్రంథములలో కానవచ్చు మృగములు వేఱొక జాతికి చెందినవి. సింహమునకు గ్రద్ద ఱెక్కలుండును; చిఱుతపులికి నాలుగు తలలుండును; కొమ్మునకు మనుష్యుని కన్నులుండును. ఇవి వ్యక్తుల గుణములకంటె రాజ్యముల స్వభావమును సూచించును. ఇట్టి రూపములు ఏల పుట్టెనో గ్రహింపవలెనన్న, వానిని వ్రాసినవారి కాలమును ముందు తెలిసికొనవలసియున్నది.

క్రీ.పూ. 167లో, సిరియా నేలుచుండిన నాలుగవ ఆంటియోకసు యెరూషలేము దేవాలయమున యూదుల నిత్యబలిని మాన్పించి గ్రీకు దేవతారాధనను నెలకొల్పెను. సున్నతియు, విశ్రాంతిదినాచరణమును నేరములయ్యెను. దానియేలు గ్రంథములోని దర్శనములు ఆ సంకటకాలముననే తుదిరూపము దాల్చెనని నేటి పండితులలో పెక్కుమంది తలంతురు. కథ మాత్రము అంతకు దాదాపు నాలుగు వందల యేండ్లకు పూర్వము బబులోనులో జరిగినట్లు చెప్పబడినది. పాలకుని పేరు పలుకకయే పాలనను వర్ణించుటకు మృగరూపము సాధనమైనది.

ఏడవ అధ్యాయమున నాలుగు గాలులు మహాసముద్రముపై వీచగా నాలుగు మృగములు ఒకదాని వెనుక నొకటి పైకి వచ్చును. మొదటిది ఱెక్కల సింహము. రెండవది నోట మూడు ప్రక్కటెముకలను కఱచుకొనిన ఎలుగుబంటి. మూడవది నాలుగు ఱెక్కలును నాలుగు తలలును గల చిఱుతపులి. నాలుగవదానికి ఏ జంతువుతోడను పోలిక లేదు. దానికి ఇనుప దంతములును పది కొమ్ములును కలవు. బబులోను, మాదీయ, పారసీక, గ్రీకు రాజ్యములే క్రమముగా వీని యర్థమనియు, కొమ్ముల నడుమ మొలచి గొప్పలు పలికిన చిన్నకొమ్ము ఆంటియోకసే యనియు ఆ పండితుల నిర్ణయము. పిమ్మట న్యాయసభ తీరును. ఆకాశమేఘములతో మనుష్యునివంటివాడొకడు వచ్చును. రాజ్యము వానికి ఇయ్యబడును. దర్శనమునకు కీలకమిదియే. సముద్రము అల్లకల్లోలమునకు గుర్తు. మృగము పశుబలమునకు గుర్తు. మనుష్యరూపము న్యాయపాలనకు గుర్తు.

ఎనిమిదవ అధ్యాయము తన మర్మమును తానే విప్పును. రెండు కొమ్ముల పొట్టేలు మాదీయ పారసీకుల రాజ్యము. పడమటినుండి కాళ్లు నేల ముట్టకుండ పరుగెత్తివచ్చిన మేకపోతు గ్రీకు రాజ్యము. దాని కన్నుల నడుమనున్న పెద్దకొమ్ము విఱుగగా నాలుగు కొమ్ములు మొలచును. క్రీ.పూ. 323లో అలెగ్జాండరు మరణించుటయు, అతని సేనానులు రాజ్యమును పంచుకొనుటయు ఎఱిగినవారికి దీని యర్థము సులభముగనే బోధపడును. కొమ్ము బలచిహ్నమగుట ఆ ప్రాంతమున పాతవాడుకయే; మెసొపొటేమియా దేవతల కిరీటములకును కొమ్ములుండెడివి.

ఇంచుమించు ఆ కాలముననే రచింపబడిన హనోకు గ్రంథభాగమొకటి ఇశ్రాయేలు చరిత్రనంతను పశువుల కథగా చెప్పినది. ఆదాము తెల్లని వృషభము, ఇశ్రాయేలీయులు గొఱ్ఱెలు, ఐగుప్తీయులు తోడేళ్లు. కడకు గొఱ్ఱెలలో ఒకదానికి పెద్దకొమ్ము మొలచును. అది ఆంటియోకసుపై తిరుగబడిన యూదా మక్కబీయుడని పండితుల తలంపు. ఈ గ్రంథము సంపూర్ణముగా ఇథియోపియా ప్రాచీనభాషయగు గీజులో మాత్రమే నిలిచినది. దాని అరమేయిక శకలములు మృతసముద్ర తీరమునందలి కుమ్రాను గుహలలో దొరకినవి.

క్రీ.శ. 70లో రోమను సైన్యము యెరూషలేము దేవాలయమును నాశనము చేసెను. అటుపిమ్మట వ్రాయబడిన నాలుగవ ఎజ్రా గ్రంథమున పండ్రెండు ఱెక్కలును మూడు తలలును గల గ్రద్ద సముద్రమునుండి లేచును. గ్రద్ద రోమను సేనల ధ్వజచిహ్నము. దానియేలు చూచిన నాలుగవ రాజ్యమిదియే యనియు, దీని యర్థము అతనికి ఈ విధముగా తెలుపబడలేదనియు ఆ గ్రంథము స్పష్టముగా చెప్పుచున్నది. ఇట్లు పాతచిహ్నము క్రొత్త సామ్రాజ్యమునకు అన్వయింపబడినది.

క్రైస్తవుల ప్రకటన గ్రంథమునందును ఇదియే జరిగినది. పదుమూడవ అధ్యాయములోని మృగము చిఱుతపులిని పోలి, ఎలుగుబంటి పాదములును సింహపు నోరును కలిగియున్నది. దానియేలు మృగములన్నియు ఇందు ఒక్కటియైనవి. ఆ నాలుగింటి తలలు లెక్కింపగా ఏడగును; దీనికిని ఏడు తలలే. పదునేడవ అధ్యాయము ఆ తలలను ఏడు కొండలనుచున్నది. ఏడు కొండల నగరమని రోమునకు ప్రసిద్ధి. మృగసంఖ్య 666. నీరో కైసరు పేరును గ్రీకు రూపముననుసరించి హెబ్రీ అక్షరములలో వ్రాసి వాని విలువలను కూడిన ఈ సంఖ్యయే వచ్చును. లాటిను రూపముననుసరించి పేరు చివరి నకారమును విడిచిన 616 అగును. కొన్ని ప్రాచీన ప్రతులలో ఆ సంఖ్యయే కలదు.

ఈ గ్రంథమున మిక్కిలి విశేషమైన ఘట్టము అయిదవ అధ్యాయములోనిది. యూదా గోత్రపు సింహము జయించెనని యోహాను వినును. చూడగా వధింపబడినట్లున్న గొఱ్ఱెపిల్ల కనబడును. విన్నది సింహమును గూర్చి, కన్నది గొఱ్ఱెపిల్లను. మృగమును జయించుటకు మఱియొక మృగము పుట్టనక్కఱలేదని దీని తాత్పర్యము.

ఈ మెలకువను పిమ్మటివారు తరచుగా మఱచిరి. 1522 సెప్టెంబరులో వెలువడిన లూథరు జర్మను క్రొత్తనిబంధన చిత్రములలో మృగము తలపై పోపు కిరీటము చిత్రింపబడినది. డిసెంబరు ముద్రణలో అది తొలగింపబడినది. ప్రత్యర్థికి మృగముఖము తగిలించుట సులభము. దానియేలు గ్రంథము అంతటితో ఆగలేదు. అందలి మొదటి మృగము ఱెక్కలు పెఱికివేయబడిన పిదప, రెండు కాళ్లపై నిలువబెట్టబడి మనుష్యహృదయమును పొందును. నాలుగవ అధ్యాయమున గర్వాంధుడైన నెబుకద్నెజరు ఎద్దువలె గడ్డిమేసి, ఆకాశమువైపు కన్నులెత్తిన పిమ్మట మరల మనుష్యుడగును. అధికారమదము మనుష్యుని మృగముగా మార్చగలదు. వినయము మృగమును సైతము మనుష్యునిగా మరల్చగలదు.