హోప్ టౌన్ కొండబాట: అలవాటులేని పరుగునకు శరీరమును సిద్ధము చేయుట

దక్షిణ అండమాను దీవిలో శ్రీ విజయపురము రేవునకు ఎదురుగా, నీటికి ఆవలి ఒడ్డున హోప్ టౌన్ అను చిన్న గ్రామము కలదు. 2024 వరకు పోర్టు బ్లెయిరు అను పేరుతో ప్రసిద్ధమైన పట్టణమే నేటి శ్రీ విజయపురము. హోప్ టౌనునకు వెనుక దట్టమైన అడవితో నిండిన కొండ యున్నది. చిరకాలము మౌంట్ హారియట్ అని పిలువబడిన ఈ కొండకు 2021లో మౌంట్ మణిపూర్ అని పేరు పెట్టిరి. 1891 నాటి యుద్ధము తరువాత మణిపురమునుండి తెచ్చి ఇచ్చట నిర్బంధింపబడిన వీరులకు ఆ పేరు స్మారకము.

1872 ఫిబ్రవరి 8వ తేదీ సాయంకాలమున వైస్రాయి మేయో ప్రభువు ఈ కొండ నెక్కెను. దానిపై రోగులు కోలుకొనుటకు ఆరోగ్యనిలయము నిర్మింపవచ్చునా అని చూచుట ఆయన ఉద్దేశము. చీకటి పడిన తరువాత దిగివచ్చి, హోప్ టౌన్ రేవులో పడవ నెక్కబోవుచుండగా షేర్ అలీ అను ఖైదీ చేతిలో ఆయన హతుడయ్యెను. చరిత్ర ఆ హత్యను జ్ఞాపకముంచుకొన్నది. ఆయనను కొండపైకి తీసికొనిపోయిన ఆరోగ్యచింతను చాలమంది మరచిరి. కొండ ఆరోగ్యము నీయగలదన్న మాట నిజమే. కాని సిద్ధపడక ఎక్కినవానికి అదే కొండ హాని చేయును.

కొండబాట పరుగు అనగానేమి?

చదునైన రోడ్డుమీదగాక అడవిదారులలో, కొండవాలులలో, రాళ్లమీద, వేళ్లమీద పరుగెత్తుటను కొండబాట పరుగు అందురు. ట్రెయిల్ పరుగు అను పేరు నేడు వాడుకలో నున్నది. 1974లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, గుఱ్ఱపు రౌతులకై ఏర్పరచిన 100 మైళ్ల కొండదారి పందెములో గోర్డీ ఐన్స్‌లీ అను యువకుడు గుఱ్ఱము లేకయే పాల్గొని 24 గంటలలోపున గమ్యము చేరెను. ఇది సాహసమే; కాని ఆయన అంతకుముందే అదే పందెములో గుఱ్ఱముమీద పాల్గొని యుండెను. దారి ఆయనకు క్రొత్తది కాదు. సాహసమునకు వెనుక పరిచయ ముండెనని గమనింపవలెను.

చిన్న కొండ, పెద్ద పరీక్ష

హోప్ టౌన్ కొండ ఎత్తు 400 మీటర్లకు లోపే. హిమాలయములను చూచినవారికి ఇది గుట్టవలె తోచును. అయినను బాట సముద్రమట్టము వద్దనే మొదలగుటచే, కొండ ఎత్తునంతటిని కాళ్లే మోయవలెను. అంతకంటె కఠినమైనది గాలిలోని తేమ. చెమట ఆరినప్పుడే శరీరము చల్లబడును. అండమాను గాలి తేమతో నిండియుండుటచే చెమట కారునే కాని త్వరగా ఆరదు. పరుగుచే పుట్టిన వేడి లోపలనే నిలిచిపోవును. మే నెలనుండి డిసెంబరు వరకు వానలు విస్తారముగా కురియును గనుక బాట జారును, జలగలు పట్టును. పొద్దు మన తీరములోకంటె చాల ముందుగా గ్రుంకును. చలికాలమున సాయంకాలము 5 గంటలు దాటిన కొంతసేపటికే అడవిలో చీకటి క్రమ్మును.

ఒక గుమాస్తాను ఊహించుకొందము

విశాఖపట్టణములో నలువది సంవత్సరముల గుమాస్తా ఒకడు కలడనుకొందము. ప్రతి ఉదయము సముద్రతీరమున చదునైన దారిపై ఐదారు కిలోమీటర్లు పరుగెత్తుట అతనికి అలవాటు. అండమానులో స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకము గనుక, అచ్చటి బంధువులు రమ్మని పిలిచిరి. కొండబాట పరుగులో పాల్గొనవలెనని అతనికి కోరిక పుట్టినది. ఈ కోరిక మంచిదే. నిత్యము ఒకే దారిలో, ఒకే వేగముతో తిరుగు శరీరము అంతకు మించిన శక్తిని పెంచుకొనదు. కొంచెము కష్టము కలిగినప్పుడే గుండె, కండరములు, ఎముకలు బలపడును. అయితే ఆ కష్టము మెట్లు మెట్లుగా రావలెను.

మొదట అతడు వైద్యునిచే పరీక్ష చేయించుకొనవలెను. రక్తపుపోటు, మధుమేహము, నడచునప్పుడు ఛాతీలో నొప్పి, వంశములో చిన్నవయస్సున గుండెజబ్బు కలవారికి ఈ పరీక్ష తప్పనిసరి.

తరువాత మూడు నెలల కాలము కేటాయించుకొనవలెను. వారమునకొకసారి కైలాసగిరి వాలుమీదనో, సింహాచలము మెట్లమీదనో ఎక్కుట దిగుట అభ్యసింపవలెను. ఎక్కునప్పుడు ఊపిరి ఆడక మాట తెగిపోవుచున్నచో పరుగు మాని నడువవలెను. నిటారు వాలులలో ఆరితేరినవారును నడచియే ఎక్కుదురు. ఇందులో అవమానము లేదు.

దిగుట తేలికయని చాలమంది భ్రమపడుదురు. దిగునప్పుడు తొడ కండరములు సాగుచునే బరువును ఆపవలసి యుండును. అందుచేతనే మరునాడును ఆ మరునాడును తొడలు విపరీతముగా నొచ్చును. కొద్దికొద్దిగా దిగుట అభ్యసించిన కండరము రెండవసారి అంతగా నొవ్వదు. సింహాచలము గిరిప్రదక్షిణము చేసినవారికి, సుమారు 32 కిలోమీటర్ల నడకలో పాదముల సంరక్షణ ఎంత ముఖ్యమో తెలియును. పట్టుగల అడుగులున్న పాత బూట్లే వేసికొనవలెను. పందెమునాడు క్రొత్త బూట్లు తొడుగరాదు.

వేడికి అలవాటుపడుటకు శరీరమునకు పది, పదునాలుగు దినములు కావలెను. ఈ అలవాటు ఏర్పడినచో చెమట ముందుగా పట్టును. అందులో ఉప్పు తక్కువగా పోవును. కావున అతడు పందెమునకు ముందునాడు గాక కొన్నిదినముల ముందే దీవి చేరి, మొదట నెమ్మదిగా నడచి, ఆ గాలికి అలవాటుపడుట మేలు. కొండ జాతీయోద్యానవనములోనిది గనుక అటవీశాఖ నియమములను పాటింపవలెను, ఒంటరిగా పోరాదు.

నీరు: తక్కువయు కీడే, ఎక్కువయు కీడే

దాహమైనప్పుడు త్రాగుట మంచి నియమము. నీరు చాలనిచో శరీరము వేడెక్కును. దాహమునకు మించి త్రాగినచో రక్తములో సోడియము పలుచబడి తలనొప్పి, వాంతి, మతిభ్రమ, ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయము కలుగును. 2002లో బోస్టన్ మారథాన్ ముగించిన 488 మంది రక్తమును పరీక్షింపగా, నూటికి 13 మందిలో సోడియము తగ్గియుండెను. దూరపు పరుగులో నీటితోబాటు ఆహారమును ఉప్పును కొద్దికొద్దిగా తీసికొనవలెను.

తోడివాడు తికమకగా మాటలాడినను, తూలినను, స్పృహ తప్పినను వడదెబ్బగా ఎంచవలెను. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒళ్లంత నీటితో తడిపి విసరవలెను. సహాయమునకు కబురు పంపుచునే ముందు చల్లబరుపవలెను. స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు. పరుగు తరువాత మూత్రము నల్లని టీ రంగులో వచ్చినచో కండరములు దెబ్బతిన్నవని గ్రహించి ఆసుపత్రికి పోవలెను. నొప్పి మాత్రలు మ్రింగి పరుగు కొనసాగించుట మూత్రపిండములకు హాని.

అండమానులో మరియొక జాగ్రత్త కలదు. ఎలుకలు మొదలగు జంతువుల మూత్రముచే కలుషితమైన నీటిద్వారా, బురదద్వారా వ్యాపించు లెప్టోస్పైరోసిస్ జ్వరము ఈ దీవులలో చిరకాలముగా నున్నది. కాలిపుండ్లను కప్పుకొనవలెను, గీరుకున్నచోట సబ్బుతో కడుగవలెను. తిరిగివచ్చిన నెలలోపున జ్వరము, పిక్కల నొప్పి, కన్నుల ఎరుపు కనిపించినచో, అడవిబురదలో తిరిగిన సంగతి వైద్యునకు చెప్పవలెను.

వెనుకకు తిరుగుటయు విజయమే

2021 మే 22న చైనాలోని గాన్సూ రాష్ట్రములో జరిగిన 100 కిలోమీటర్ల కొండబాట పందెములో 172 మంది పాల్గొనిరి. నడుమ హఠాత్తుగా వడగండ్లు, మంచువాన, పెనుగాలి క్రమ్మినవి. చాలమంది పలుచని దుస్తులతో నుండిరి. చలికి 21 మంది మరణించిరి. ఒక గొర్రెలకాపరి తాను తలదాచుకొన్న గుహలోనికి ఆరుగురిని చేర్చి నిప్పు రాజేసి వారిని బ్రదికించెను. అచ్చట చలి, ఇచ్చట వేడి. అయినను నేర్పు పాఠ మొక్కటే. మనుష్యుని పట్టుదలకు వాతావరణము లొంగదు.

మన గుమాస్తా ఇల్లు విడుచుటకు ముందే వెనుకకు తిరుగు గడియను నిర్ణయించుకొనవలెను. "ఈ వేళకు శిఖరము చేరనిచో దిగిపోవుదును, తల తిరిగినచో ఆగిపోవుదును" అని ముందే ఇంటివారికి చెప్పియుంచవలెను. అలసిన మనస్సు కొండమీద సరిగా తీర్పు చెప్పలేదు.

నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమున పుట్టిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదునాలుగేండ్లు నిండకమునుపే ఎవరెస్టు శిఖరము నధిరోహించెను. ఆ బాలిక మొదట ఎక్కినది ఎవరెస్టు గాదు, భువనగిరి బండ. తరువాత డార్జిలింగు, ఆ తరువాత లడఖ్ కొండలు. ప్రతి మెట్టును అలవాటు చేసికొనిన పిమ్మటనే తరువాతి మెట్టుపై అడుగు పెట్టెను.

అందరును కొండలమీద పరుగెత్తవలెనని నియమము లేదు. వారమునకు 150 నిమిషములు చురుకుగా నడచుటయు ఆరోగ్యమునకు చాలును. కాని అలవాటు దాటి ఒక అడుగు ముందుకు వేయదలచినవారు, ఆ అడుగును నేటినుండియే తమ ఊరి గుట్టమీద, తమ యింటి మెట్లమీద ఆరంభింతురు గాక. హోప్ టౌన్ కొండ వారికొరకు వేచియుండగలదు. వెలుగుండగానే రేవునకు దిగివచ్చి, మరునాడు మరల నడువగలిగినవాడే ఆ కొండను నిజముగా జయించినవాడు.