ఖడ్గం గుర్తుంది, పుల్లరి గుర్తులేదు

1980 జులై 18న శ్రీహరికోట నుంచి లేచిన ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్, 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆ ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం. తొమ్మిదేళ్లకు ఒడిశాలోని చాందీపూర్ నుంచి ఎగిరిన అగ్ని క్షిపణి మొదటి దశకు ఆ ఎస్‌ఎల్‌వీ మోటారే ఆధారం. రెండింటి వెనకా ఉన్నది ఆయనే. జనం ముద్దుగా పెట్టుకున్న పేరు మాత్రం 'మిస్సైల్ మ్యాన్'. రోహిణి పేరుతో ఆయన్ని తలుచుకునేవాళ్లు అరుదు.

ఆయుధం మీద ఈ మోజు నెల్లూరు సీమకు పాతదే. 13వ శతాబ్దంలో మనుమసిద్ధి ఏలుబడిలో కవి తిక్కనకు వరుసకు సోదరుడైన ఖడ్గ తిక్కన ఉండేవాడు. కరవుకు తాళలేక ఆవులమందల్ని తోలుకొచ్చిన కాటమరాజుకూ, రాజుకూ పుల్లరి దగ్గర తగవు వచ్చిందని కథ. పచ్చిక మీద పన్ను, అంతే. రాజు తరఫున పోరులో ఓడి ఇల్లు చేరిన ఖడ్గ తిక్కనకు భార్య, ఆడవాళ్లకు చేసినట్టు, స్నానాల దగ్గర మంచం అడ్డుపెట్టి పసుపు ముద్ద ఉంచింది, తల్లి విరిగిన పాలు పోసింది. ఆ సిగ్గుతో తిరిగి వెళ్లి ప్రాణం వదిలాడు. ఇందులో చరిత్ర ఎంతో, కల్పన ఎంతో అన్నది పక్కన పెడదాం. దీన్ని వీరనారుల కథగా తరతరాలు మెచ్చుకోవడమే నాకు ముఖ్యమైన సాక్ష్యం. గడ్డి పన్ను కోసం మనిషి చావాలా అని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు, విన్నవాళ్లూ అడగలేదు.

ఆయుధం ఉండబట్టే శత్రువు భయపడతాడు, పొగిడితే తప్పేమిటనేవారున్నారు. కాపలా లేని దేశం నిలవదన్నది నిజమే. కానీ 1998లో భారత్, పాకిస్థాన్ రెండూ అణుపరీక్షలు జరిపిన మరుసటి ఏడాదే కార్గిల్‌లో మన సైనికులు 527 మంది పోయారు. సైనికుణ్ని గౌరవించడం ఒకటి, అతని చావును పండగ చేసుకోవడం వేరొకటి. పండగ చేసుకునేచోట ఆ చావు తప్పేదా అన్న ప్రశ్న ద్రోహంలా వినిపిస్తుంది.

ఆయుధానికి బలి యుద్ధభూమిలోనే మొదలవదు కూడా. హిట్లర్ జర్మనీ తయారుచేసిన వీ-2 రాకెట్ లండన్, ఆంట్వెర్ప్‌ల మీద పడి వేలమందిని చంపింది. అంతకంటే ఎక్కువమంది దాన్ని తయారుచేస్తూ చనిపోయారని చరిత్రకారుల అంచనా. ఆ రాకెట్లను సొరంగాల్లో బిగించిన డోరా నిర్బంధ శిబిరానికి తెచ్చిన సుమారు 60,000 మంది ఖైదీలలో దాదాపు 20,000 మంది బతకలేదు. వీ-2 రూపకర్త వాన్ బ్రౌన్ తర్వాత అమెరికా వెళ్లి, మనిషిని చంద్రుడి మీదికి చేర్చిన శాటర్న్ రాకెట్ కట్టాడు. ఇక్కడ కలాంకు క్షిపణి పేరు నిలిచింది, అక్కడ వాన్ బ్రౌన్‌కు చంద్రుడి పేరు నిలిచింది. సొరంగాల్లో రాకెట్లు బిగిస్తూ పోయిన ఖైదీల ఊసు మాత్రం ఆ పొగడ్తలో చాలాకాలం రానేలేదు.