కూర్చుండుటకు చోటు, చదువుటకు వెలుతురు

గ్రంథాలయమునకు గ్రంథములే ప్రాణమని పెద్దలందురు. ఆ మాట సత్యమే. కాని ప్రాణము నిలుచుటకు శరీరమును చక్కగా నుండవలెను గదా! ఎన్నివేల గ్రంథములున్నను, వెలుతురు చొరని గదిలో, ఊగెడు బల్ల ముందు విద్యార్థి గడియసేపైన నిలువడు. నిలువని వానిని సోమరియని నిందించుట సులభము. గది నెవ్వరును నిందింపరు.

ఈ సంగతిని మన దేశమున శాస్త్రరీతిని విచారించిన మహనీయుడు ఎస్. ఆర్. రంగనాథన్. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో గణితము బోధించుచుండిన ఆయన 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి యయ్యెను. చదువరుల అలికిడి లేని ఆ కొలువున ప్రొద్దుపోక, తిరిగి పాఠములు చెప్పుకొందునని తొలుత మొఱపెట్టుకొనెను. ఇంగ్లండునకు వెళ్లి అచ్చటి గ్రంథాలయములను చూచివచ్చిన పిమ్మట ఆయన దృష్టి మారెను. చదువరులను అరల నడుమ స్వేచ్ఛగా తిరుగనిచ్చెను. 1931లో వెలువడిన తన పంచసూత్రముల గ్రంథమున, పుస్తకము వాడుకకే పుట్టినదను మొదటి సూత్రమును వివరించుచు, కట్టడ మెచ్చట నుండవలెను, తలుపు లెంతసేపు తెఱచియుండవలెను, బల్లలును కుర్చీలును ఎట్టివి కావలెను అని కూడ చర్చించెను.

మధ్యయుగముల ఐరోపాలో గ్రంథములను గొలుసులతో అరలకు బంధించెడివారు. ఇంగ్లండులోని హెరెఫర్డు క్రైస్తవాలయమున అట్టి గ్రంథాలయము నేటికిని చూడవచ్చును. ఇనుప గొలుసుల కాలము గడచినది. కాని తాళము వేసిన అద్దాల బీరువా, చేతికందని యెత్తుననున్న అర, కళాశాల గంటతోనే మూతపడు తలుపు, ఇవియు గొలుసులే.

మన యెండలకు మఱియొక చిక్కు కలదు. వెలుతురు చదువరికి మేలు. నేరుటెండ కాగితమునకు కీడు. చెమ్మ చేరిన గోడ బూజును, చెదలను పిలుచును. కావున నేరుటెండ తక్కువగా వచ్చు ఉత్తరదిక్కున కిటికీలు పెట్టి, అరలను ఆ గోడకు అడ్డముగా వరుసలు తీర్చినచో, వరుసల నడుమ వెలుగు పాఱును, పుస్తకములకును హాని తగ్గును. పంకాగాలికి పుటలెగురకుండ బల్లలు జరుపుటకు, వాకిటి సందడి చదువుగదికి సోకకుండ చూచుటకు ధనమంతగా అక్కఱలేదు. కొంత శ్రద్ధ చాలును.

హైదరాబాదున చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమును చూచినవారికి చోటు విలువ తెలియును. ఉద్యోగ పరీక్షలకు సిద్ధమగు యువతీయువకులు లోపల తావు చాలక ఆవరణలోని చెట్లక్రింద కూడ కూర్చుండి చదువుకొందురు. అనేకుల చేతనుండునవి తాము తెచ్చుకొన్న పుస్తకములే. వారిని అచ్చటికి రప్పించునది ప్రశాంతమైన తావు, తోడి చదువరుల సాహచర్యము. పల్లెనుండి వచ్చి ఇఱుకు గదిలో నలుగురితో అద్దెకుండు పిల్లవానికి అచ్చట దొరకిన కుర్చీ ఒక ఆస్తి వంటిది.

ఆడుపిల్లల సంగతి ఇంకను ఆలోచింపదగినది. మంచినీరు, శుభ్రమైన మరుగుదొడ్డి, ప్రొద్దుగ్రుంకిన పిదప వాకిట దీపము లేనిచోటికి వారు రాలేరు. రానివారికి చదువుపై ఆసక్తి లేదనుట అన్యాయము.

ఇది కుర్చీల వినియోగమే గాని గ్రంథాలయ వినియోగము కాదని కొందఱు పెదవి విఱుతురు. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. అయినను, కూర్చుండవచ్చినవాని చేరువలోనే అర తెఱచియున్నచో, పాఠములతో అలసిన కన్ను ఏదో యొకనాడు పరీక్షకు పనికిరాని పుస్తకముపై వ్రాలును. ఆనాడు వాడు నిజమైన చదువరి యగును. తాళము వేసిన బీరువా ముందు ఆ శుభదినము రానేరదు.

ఈ యేడు ఎన్ని గ్రంథములు కొంటిమని కళాశాలలు లెక్క వ్రాసికొనును. చదువుగదిలో ఎన్ని కుర్చీలు ఖాళీగా నున్నవి, అవి ఏల ఖాళీగా నున్నవి అను లెక్కయు దాని ప్రక్కనే వ్రాయుట మేలు.