లేసు అల్లికలోని పొడి అక్షరములు

తడ ప్రాంతమున పులికాటు సరస్సులో చేపలు పట్టువారి వలను పరిశీలించినచో ప్రతి కన్ను మూలయందును ఒక ముడి కానవచ్చును. ఒకచోట దారము తెగినను తక్కిన ముడులు వలను నిలిపి యుంచును. లేసు అల్లికలో అట్టి ముడులు లేవు. కొనయందు కొక్కెము గల చిన్న సూదితో ఒక ఉచ్చులోనుండి మరియొక ఉచ్చును లాగుచు పోవుటయే ఆ పని. చివరి ఉచ్చును వదలి దారమును లాగినచో గంటల శ్రమ క్షణములో విడిపోవును. ఒక వరుసలో ఒక్క ఉచ్చు తగ్గినను పై వరుసలు వంకరపోవును.

ఆంధ్రదేశమున ఈ పనికి పేరుగన్నది పశ్చిమ గోదావరి జిల్లాలోని నరసాపురము. 19వ శతాబ్దమున క్రైస్తవ మిషనరీలు అచటి స్త్రీలకు దీనిని నేర్పిరి. నాటినుండి నరసాపురపు లేసు విదేశములకు పోవుచున్నది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. మారియా మీస్ అను జర్మను పండితురాలు 1982లో ఆ స్త్రీలను గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. దినమంతయు సూది విడువకున్నను వారిని తీరికవేళ అల్లుకొను గృహిణులుగానే ఎంచి, అత్యల్పమైన కూలి ఇచ్చుచుండిరని ఆమె చూపెను. అచట ఒక బల్లగుడ్డను ఒకే స్త్రీ తుదిముట్ట అల్లుట అరుదు. కొందరు పువ్వులు అల్లుదురు. కొందరు వానిని కలుపుదురు. దీనికి అతుకు పని యని పేరు. వేర్వేరు ఇండ్లలో అల్లిన పువ్వులు ఒకే కొలతకు రాకున్నచో అతుకు కుదరదు.

నమూనా చేతిలో నున్నప్పుడు దాని కన్నులు లెక్కించి అల్లవచ్చును. నమూనా లేక కాగితము మాత్రమే వచ్చినప్పుడు పొడి అక్షరములను చదువ నేర్వవలెను. ఆంగ్లమున గొలుసు కుట్టునకు 'సిహెచ్' అని వ్రాయుదురు. 'సిహెచ్ 6' అనగా ఆరు ఉచ్చుల గొలుసు. నక్షత్రపు గుర్తు ఎచట నున్నదో అచటినుండి పనిని మరల చేయవలెను. వరుస చివర నున్న అంకె ఆ వరుసలోని మొత్తము కుట్ల సంఖ్య; తొందరపడువారు దీనినే విడిచిపెట్టుదురు.

అసలు చిక్కు వేరొకటి కలదు. 'డిసి', అనగా డబుల్ క్రోషే, అను పేరు బ్రిటనులో ఒక కుట్టునకు, అమెరికాలో మరియొక కుట్టునకు చెల్లును. కన్నులో సూదిని గ్రుచ్చి దారమును లాగినపుడు సూదిపై రెండు ఉచ్చులుండును. ఆ రెంటిని ఒకేసారి దాటించినచో పొట్టి కుట్టు ఏర్పడును. బ్రిటిషువారికి ఇదియే డబుల్. అమెరికావారు దీనిని సింగిల్ అందురు. గ్రుచ్చుటకు ముందే దారమును సూదికి ఒకసారి చుట్టినచో ఉచ్చులు మూడగును. కుట్టు ఇంచుమించు రెండింతల పొడవగును. ఇది బ్రిటనులో ట్రెబుల్, అమెరికాలో డబుల్. బ్రిటిషు పేరు ఉచ్చుల సంఖ్యతో సరిపోవుననియు, అమెరికా పేరు ఒకటి తక్కువగా చెప్పుననియు గుర్తుంచుకొనిన చాలును. నేటి కాగితమునందు 'సింగిల్' అను మాట కనిపించెనా, అది అమెరికా పద్ధతియే. ఈ భేదము నెరుగక అల్లినచో పువ్వు కొలత మారిపోవును.

గుండ్రని పువ్వును తీసికొందము. మొదటి చుట్టులో 6 పొట్టి కుట్లు. రెండవ చుట్టులో కుట్టునకు రెండేసి చొప్పున 12. మూడవ దానిలో ఒకటి విడిచి ఒకదానియందు రెండేసి వేయగా 18. నాలుగవ దానిలో 24. ఇట్లు చుట్టునకు 6 పెరుగుచుండిన అల్లిక బల్లపరుపుగా నుండును. పెంచనిచో గిన్నెవలె ముడుచుకొనును. మితిమీరి పెంచినచో అంచు కుచ్చెళ్ళు పడును. 24 రావలసినచోట 23 వచ్చినచో ఆ చుట్టును వెంటనే విప్పవలెను. ముడులు లేవు గనుక దారము చెడకుండ వచ్చును. దానితోనే మరల అల్లవచ్చును.