కడుపు నిండిన కబాబ్, ఇంట్లో నూరిన మసాలా

హైదరాబాద్ పాతబస్తీలో శికంపురీ అని పిలిచే కబాబ్ ఎలా ఉంటుందో దాని పేరే చెబుతుంది. పారసీక భాషలో ‘శికం’ అంటే కడుపు, ‘పుర్’ అంటే నిండినది; ఉడికించి నూరిన ఖీమాను అరచేతిలో బిళ్లగా తట్టి, దాని కడుపులో నీరు వడకట్టిన గట్టి పెరుగు, సన్నగా తరిగిన ఉల్లి, పుదీనా, పచ్చిమిర్చి పెట్టి మూసి, తవా మీద నెయ్యితో కాలుస్తారు. రొట్టెల నడుమ ఇమిడే హాంబర్గర్ మాంసపు బిళ్లకు ఇది దగ్గరి చుట్టమే గనుక, బర్గర్‌కు హోటల్ రుచిని ఇచ్చే మసాలాను ఇంట్లో చేసుకోదలచినవారికి చార్మినార్ పరిసరాల వంటిళ్ల కంటే మంచి బడి దొరకదు.

1996లో మెక్‌డొనాల్డ్స్ సంస్థ ఢిల్లీలో తొలి దుకాణం తెరిచిన తర్వాత బర్గర్ మన దేశంలో పిల్లల నోటికి క్రమంగా అలవాటైంది. ఆ రుచి ఇంట్లో కావాలనుకున్నవారు సీసాల్లో అమ్మే పొడిని వెతుక్కుంటున్నారు. ఆ పొడిలో సాధారణంగా ఉండేవి ఉప్పు, మిరియాలు, ఎండు ఉల్లి, వెల్లుల్లి పొడులు, కారం తక్కువగా రంగు ఎక్కువగా ఉండే పాప్రికా అనే ఎర్రమిరప పొడి, చిటికెడు చక్కెర, కొన్నిటిలో కాస్త పొగ వాసన. వీటిలో పాతబస్తీ వంటింటికి తెలియని రుచి ఒక్కటీ లేదు. ఎండు ఉల్లిపొడి చేసే పనిని బిరిస్తా, అంటే సన్నగా కోసి బంగారు రంగు వచ్చేదాకా నూనెలో వేయించి ఆరబెట్టిన ఉల్లిపాయ, ఎంతో మిన్నగా చేస్తుంది; ఎందుకంటే వేగేటప్పుడు ఉల్లిలోని చక్కెరలు అమైనో ఆమ్లాలతో కలిసి గోధుమ రంగునూ కొత్త సువాసనలనూ పుట్టిస్తాయి. 1912లో ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీల్ మయార్ వివరించిన ఈ రసాయన చర్యే పెనం మీద బర్గర్ బిళ్లకూ, తవా మీద శికంపురీ అంచుకూ కమ్మదనాన్ని ఇస్తుంది.

బర్గర్ పొడిలో లేనిది, ఇక్కడి మసాలాను ప్రత్యేకంగా నిలిపేది కబాబ్ చీనీ. తెలుగువారు చలవమిరియాలు, తోకమిరియాలు అని పిలిచే ఈ గింజ మిరియపు కుటుంబానికి చెందిన జావా తీగకు కాస్తుంది. వేళ్ల మధ్య పట్టుకుని చూస్తే మిరియంలాగే నల్లగా ముడతలు పడి ఉన్నా, ఒక కొసన సన్నని కాడ తోకలా అంటుకుని ఉంటుంది, కొరికితే ముందు ఘాటు, ఆ వెనుక కర్పూరపు చలువ నాలుకకు తగులుతాయి. పేరు విని దీన్ని కాల్చిన మాంసంతో ముడిపెట్టేవారున్నారు గాని, అది ఈ గింజకు అరబ్బీలో ఉన్న ‘కబాబా’ అనే మాట నుంచి వచ్చింది. దీనికి తోడు రాతిపువ్వు, అంటే ఉర్దూలో పత్థర్ కా ఫూల్. నిజానికి ఇది పువ్వు కాదు, ఒక శిలీంధ్రమూ ఒక శైవలమూ ఒకే దేహంగా బతికే లైకెన్. చేతిలో నలిపితే ఎండుటాకులా పెళపెళమనడం తప్ప పెద్దగా వాసన రాదు, వేడి నెయ్యి తగిలితే మాత్రం తడిమట్టీ కట్టెల పొగా కలిసినట్టు గుబాళిస్తుంది. వట్టివేరు, దుంపరాష్ట్రకం, ఎండు గులాబీ రేకులతో పాటు పలుచని గుడ్డలో మూటకట్టి నిహారీలో, పాయాలో వేసే పొట్లీ మసాలాలోనూ ఇది ఉంటుంది.

అరకిలో ఖీమాకు నాలుగు ఎండుమిరపకాయలు, నాలుగేసి లవంగాలు, యాలకులు, అంగుళం దాల్చినచెక్క, అర చెంచా చొప్పున షాజీరా, మిరియాలు, పావు చెంచా కబాబ్ చీనీ, రెండు రేకుల రాతిపువ్వు సరిపోతాయి. మిరపకాయలను విడిగా, తక్కినవాటిని సన్న సెగ మీద వేడెక్కి వాసన వచ్చేదాకా మాత్రమే వేయించి, పూర్తిగా చల్లారిన తర్వాత గుప్పెడు బిరిస్తాతో కలిపి నూరాలి. వేడి మీద నూరితే సువాసన తైలాలు ఆవిరైపోతాయి. నెలల తరబడి అరలో నిలిచిన పొడి ఎంత ఖరీదైనదైనా ఆ పూట నూరిన మసాలాకు సాటి రాదు.

హోటల్ రుచి చాలా వరకు ఉప్పు వేసే వేళలోనే ఉంది. పచ్చి ఖీమాలో ఉప్పు ముందే కలిపి ఉంచితే అది మయోసిన్ అనే మాంసకృత్తిని కరిగించి ముద్దను జిగురుగా మారుస్తుంది, కాల్చాక బిళ్ల రబ్బరులా సాగుతుంది; అందుకే బర్గర్ బిళ్లకు పెనం మీద వేసే ముందు పైపైన మాత్రమే ఉప్పు చల్లాలి. ఇనుప చువ్వను వీడకుండా పట్టుకోవలసిన సీఖ్ కబాబ్‌కు ఆ జిగురే కావాలి గనుక దాన్ని ఉప్పుతో బాగా పిసుకుతారు. శికంపురీ దారి వేరు. ఖీమాను శనగపప్పు, అల్లం, వెల్లుల్లి, ఉప్పుతో నీరంతా ఇగిరేదాకా ముందే ఉడికిస్తారు కాబట్టి మాంసకృత్తులు అప్పటికే గట్టిపడి ఉంటాయి, నూరాక ముద్దను కలిపి ఉంచే పని పప్పులోని పిండిపదార్థం చూసుకుంటుంది. ఈ తేడా తెలియకుండా ఏ పొడి చల్లినా ప్రయోజనం లేదు.

చివరగా పొగ పట్టించడం, దీన్నే ధుంగార్ అంటారు. మసాలా కలిపిన ముద్ద నడుమ ఉల్లి డొప్పను ఉంచి, అందులో ఎర్రగా కాలిన బొగ్గు కణిక వేసి, దాని మీద చెంచాడు నెయ్యి పోసి, పొగ లేచిన వెంటనే గిన్నెపై మూత బిగించాలి. అయిదు నిమిషాలు చాలు, ఎక్కువసేపు ఉంచితే చేదెక్కుతుంది. ఆ తర్వాత పెరుగు పెట్టి మూసిన బిళ్లను తవా మీద వేసి, అడుగు గట్టిపడేదాకా కదపకుండా వదిలితేనే దాని కడుపు పగలదు.